చిన్నపిల్లల ఉబ్బసం దగ్గు: సిరప్ సీసాలు మారినా ఎందుకు తగ్గదు

తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుని దగ్గే మూడేళ్ల పిల్లకు దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగే వైద్యం ఒకటే. ముందు తేనె, తులసాకు రసం. తగ్గకపోతే మెడికల్ షాపు వాళ్లిచ్చిన దగ్గు మందు. వారమైనా లొంగకపోతే డాక్టరు దగ్గరికి, అక్కడ నెబ్యులైజర్ (మందును ఆవిరిలా పీల్పించే యంత్రం), చేతికి ఒక యాంటీబయాటిక్ సిరప్. నాలుగు రోజులు నెమ్మదిస్తుంది. మళ్లీ జలుబు, మళ్లీ అదే దగ్గు. నెమ్ము చేసిందని ఒకరు, బ్రాంకైటిస్ అని ఒకరు, అలర్జీ దగ్గని ఇంకొకరు అంటారు. ఉబ్బసం అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు, డాక్టరు అన్నా ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. ఇన్ని చేసినా తగ్గకపోవడానికి కారణం చాలాసార్లు ఒక్కటే. అందరూ దగ్గును ఆపాలని చూస్తున్నారు. దగ్గును పుట్టిస్తున్న వాపు జోలికి ఎవరూ పోవడం లేదు.

ఉబ్బసం ఉన్న పిల్లల శ్వాసనాళాల లోపలి పొర, దగ్గు లేని రోజుల్లో కూడా కొంత వాచే ఉంటుంది. వాచిన పొర ఊరికే రెచ్చిపోతుంది. జలుబు వైరస్, అగరొత్తి పొగ, చల్లగాలి, పరుగు, ఆఖరికి పగలబడి నవ్వినా సరే, నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల చిక్కటి కఫం ఊరుతుంది. పెద్దవాళ్లకు లెక్కలోకి రాని కొద్దిపాటి వాపు పసివాళ్లను ఎందుకంత ఇబ్బంది పెడుతుందంటే, వాళ్ల నాళాలు అసలే సన్నం. గొట్టం వ్యాసార్ధం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే నిరోధం రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. రాత్రిపూట ఎక్కువ కావడానికీ కారణాలున్నాయి. వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ హార్మోను రాత్రివేళ కనిష్ఠానికి పడిపోతుంది, నాళాలు సహజంగానే కొంత ముడుచుకుంటాయి, గది గాలి చల్లబడుతుంది.

అలాగని ఆగని దగ్గంతా ఉబ్బసం కాదు. ప్లేస్కూలుకో అంగన్‌వాడీకో వెళ్లే పిల్లకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే. ఒక్కో జలుబు దగ్గు రెండు మూడు వారాలు సాగగలదు. వానాకాలం మొదలు చలికాలం చివరిదాకా ఒకదాని వెంట ఒకటి వస్తే 'ఆరు నెలలుగా దగ్గుతూనే ఉంది' అనిపిస్తుంది. ఉబ్బసం వైపు వేలు చూపేవి వేరే ఉన్నాయి. జలుబు తగ్గాక కూడా రాత్రిళ్లు దగ్గు మిగలడం, పరుగెత్తినా నవ్వినా ఏడ్చినా దగ్గు తెర రావడం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు, ఆటలో మిగతా పిల్లలకన్నా ముందే కూలబడటం, ఒంటిమీద ఎగ్జిమా లాంటి అలర్జీ దద్దుర్లు, అమ్మకో నాన్నకో ఉబ్బసం. ఇవేవీ లేకుండా, పిల్లికూతలు గానీ ఆయాసం గానీ ఎన్నడూ లేకుండా ఒట్టి దగ్గు మాత్రమే ఉంటే అది ఉబ్బసం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అలాంటి పిల్లకు నెలల తరబడి ఇన్‌హేలర్ వాడించడమూ పొరపాటే.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఉబ్బసం సంగతి పక్కన పెట్టి వేరే కారణం వెతకాల్సిందే. నిక్షేపంగా ఆడుకుంటున్న పిల్లవాడు ఉన్నట్టుండి పొలమారి, ఆ రోజు నుంచి దగ్గు వదలకపోతే, ఆ సమయంలో నోట్లో ఏముందో గుర్తు చేసుకోండి. వేరుశనగ పప్పు, సీతాఫలం గింజ, చింతగింజ శ్వాసనాళంలో ఇరుక్కుని వారాల తరబడి ఉబ్బసంలా నటించగలవు. ఒకవైపే పిల్లికూతలు వినిపించడం దీనికి గట్టి ఆధారం. నాలుగు వారాలు దాటి పగలూ రాత్రీ కఫంతో కూడిన తడి దగ్గు ఉంటే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కావచ్చు. బరువు పెరగకపోవడం, సాయంత్రం జ్వరం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం, పుట్టిన కొద్ది వారాలకే దగ్గు మొదలవడం, ఇవన్నీ డాక్టరుకు అడగకుండానే చెప్పాల్సిన విషయాలు.

ఐదేళ్లలోపు పిల్లలు గొట్టంలోకి బలంగా ఊదే స్పైరోమెట్రీ పరీక్ష సరిగా చేయలేరు. అందుకే ఈ వయసులో 'ఇదిగో ఉబ్బసం' అని తేల్చిచెప్పే రిపోర్టంటూ ఉండదు. డాక్టరు మీరు చెప్పిన చరిత్రను బట్టి, కంట్రోలర్ మందు (వాపును తగ్గించడానికి రోజూ పీల్చేది) రెండు మూడు నెలలు వాడించి, తగ్గుతుందా, ఆపితే తిరిగి వస్తుందా అని చూసి నిర్ణయిస్తారు. కాబట్టి మీ వివరాలే అసలు పరీక్ష. రాత్రి దగ్గు తెరను, ఊపిరి తీసేటప్పుడు ఛాతీ కదలికను చొక్కా పైకెత్తి ఫోన్లో అర నిమిషం వీడియో తీయండి. పగలు ఆసుపత్రికి వెళ్లేసరికి పిల్లలు చక్కగా ఉంటారు, స్టెతస్కోపుకు ఏమీ వినపడదు. అప్పుడు ఆ వీడియో చెప్పినంత ఇంకేదీ చెప్పదు.

ఇక సిరప్‌ల సంగతి. మధ్యప్రదేశ్‌లోని చింద్వాడాలో 2025లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు స్పష్టంగా చెప్పింది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయవద్దు, ఇవ్వవద్దు, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయదగినవి కావు. అంతకుముందే, 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. కల్తీ లేని సిరప్ కూడా ఉబ్బసం వాపును తగ్గించదు. నిద్ర పుచ్చే రకాలు ఇంకా ప్రమాదం. ఆయాసంలో ఉన్న పిల్ల మత్తుగా పడుకుంటే నెమ్మదించిందనుకుంటాం, కానీ ఆ మత్తు ప్రమాద సూచన కూడా కావచ్చు.

సాల్బుటమాల్ సిరప్ విషయం కాస్త వేరు. ఇందులో ఉన్నది ఉబ్బసం మందే. కానీ కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తికి చేరాలి. అందుకే పనిచేయడం ఆలస్యం, డోసు ఎక్కువ. తాగిన పిల్లల చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, నిద్రపోకుండా చిందులు వేస్తారు. ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో, అంటే ఒక్కసారి నొక్కితే వచ్చే మందులో, సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. అది నేరుగా చేరాల్సిన చోటికి చేరి కొద్ది నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. తాగే మందు మంచిది, పీల్చే మందు ఆఖరి అస్త్రం అన్న లెక్క తలకిందులైనది.

పీల్చే మందుల్లో రెండు జాతులున్నాయి. వీటి తేడా తెలియకపోవడం వల్లే ఎక్కువ మంది పిల్లలకు వైద్యం చెడుతోంది. రిలీవర్ అంటే సాల్బుటమాల్, లెవోసాల్బుటమాల్. ఆస్థాలిన్, లెవోలిన్ పేర్లతో మనకు పరిచయమైనవి. బిగిసిన కండరాన్ని వదులు చేస్తాయి, నాలుగైదు గంటలు ఉపశమనం, వాపు మీద ప్రభావం లేదు. కంట్రోలర్ అంటే బుడెసొనైడ్, ఫ్లుటికాసోన్, బెక్లోమెథాసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్. బుడెకార్ట్, ఫ్లోహేల్ వగైరా. ఇది వాపును మెల్లమెల్లగా తగ్గిస్తుంది. ఇవాళ పీలిస్తే ఇవాళ ఏమీ తెలియదు, పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వెంటనే పనిచేసే మందు 'మంచి మందు' అవుతుంది, రోజూ వాడిస్తారు. నెమ్మదిగా పనిచేసేది 'పనిచేయని మందు' అవుతుంది, దగ్గు తగ్గగానే ఆపేస్తారు. దగ్గు లేని రోజున కూడా కంట్రోలర్ ఇవ్వడమే ఈ వైద్యానికి మూలం.

స్టెరాయిడ్ అనగానే వచ్చే భయం తేలిగ్గా తీసేయదగినది కాదు, లెక్క వేసి చూడాల్సింది. చిన్నపిల్లలకు పీల్చే బుడెసొనైడ్ తరచూ రోజుకు 200 మైక్రోగ్రాముల దగ్గర మొదలవుతుంది. దగ్గు ముదిరి ఆయాసమైనప్పుడు తాగించే ప్రెడ్నిసొలోన్ సిరప్ కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. 12 కిలోల పిల్లకు తక్కువలో తక్కువ రోజుకు 12 మిల్లీగ్రాములు, అంటే 12,000 మైక్రోగ్రాములు. బరువు లెక్కన, ఒక్క రోజు తాగిన స్టెరాయిడ్ 60 రోజులు పీల్చినదానితో సమానం. బరువుకు బరువు బుడెసొనైడ్ శక్తిమంతమైనదే అయినా, మింగుడుపడిన భాగాన్ని కాలేయం చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది కాబట్టి ఒంట్లో తిరిగేది స్వల్పం. ఎదుగుదల మీద ప్రభావం లేదని చెప్పలేం. ఏళ్ల తరబడి వాడిన పిల్లల ఎత్తులో సుమారు ఒక సెంటీమీటరు తేడా పరిశోధనల్లో కనిపించింది. మరోవైపు, కంట్రోలర్ ఆపేసిన పిల్లకు ఏడాదిలో నాలుగైదు సార్లు ప్రెడ్నిసొలోన్ తాగించాల్సి రావడం, రాత్రి నిద్ర లేకపోవడం, తిండి తినకపోవడం ఎదుగుదలను కూడా దెబ్బతీయగలవు. 'అలవాటు పడిపోతారు' అన్నది మాత్రం నిజం కాదు. మానేస్తే దగ్గు తిరిగి రావడం అలవాటు కాదు, జబ్బు ఇంకా ఉందని అర్థం.

ఉబ్బసానికి నోటితో ఇచ్చే మాంటెలుకాస్ట్ అనే మందు గురించి ఒక మాట. రాత్రి ఒక పొట్లమో నమిలే బిళ్లో, రెండు నుంచి ఐదేళ్ల వారికి 4 మిల్లీగ్రాములు. ఇవ్వడం సులువు కనుక తల్లిదండ్రులకు ఇష్టం. చాలామందిలో పీల్చే స్టెరాయిడ్ అంత బలంగా పనిచేయదు. దీనివల్ల పీడకలలు, కోపం, ప్రవర్తనలో మార్పులు రావచ్చని 2020లో అమెరికా ఔషధ సంస్థ తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. మందు మొదలుపెట్టాక పిల్ల రాత్రిళ్లు కేకలు వేసి లేస్తుంటే దిష్టి తీయడంతో సరిపెట్టకండి, డాక్టరుకు చెప్పండి.

మందు సరైనదే, డోసు సరైనదే, రోజూ వాడుతున్నారు, అయినా దగ్గు తగ్గలేదు. ఇలాంటప్పుడు డోసు పెంచే ముందు చూడాల్సింది స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) వాడే తీరు. లోపం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. స్పేసర్ లేకుండా ఇన్‌హేలర్ నేరుగా నోట్లో కొడితే మందు నాలుక మీదా గొంతు గోడ మీదా పడుతుంది. పసిపిల్లలకు అలా వాడనే కూడదు. నాలుగేళ్లలోపు వారికి మాస్క్ ఉన్న స్పేసర్ కావాలి. ఆపైన, పెదాలు మూసి నోటితో పీల్చడం వచ్చాక మాస్క్ తీసేయవచ్చు.

పిల్లను ఒళ్లో, వీపు మీ ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టుకోండి. ఇన్‌హేలర్ మూత తీసి నాలుగైదు సార్లు బాగా ఊపండి. మందు పొడి డబ్బా అడుగున పేరుకుని ఉంటుంది, ఊపకపోతే ఒక పఫ్‌లో ఎక్కువ, ఒక పఫ్‌లో తక్కువ వస్తుంది. స్పేసర్ వెనక దూర్చండి. మాస్క్ ముక్కునూ నోటినీ కలిపి కప్పాలి. బుగ్గ దగ్గర చిన్న సందున్నా పిల్ల ఆ సందులోంచే గాలి పీలుస్తుంది, మందు స్పేసర్‌లోనే ఉండిపోతుంది. మాస్క్ అదిమి పట్టాకే ఒక్క పఫ్ నొక్కండి. తర్వాత మామూలుగా ఐదారు శ్వాసలు తీసుకోనివ్వండి. స్పేసర్ లోపలి కవాటం ప్రతి శ్వాసకూ కదులుతుంది, దాన్ని చూసి లెక్కపెట్టవచ్చు. రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ మొదటి నుంచి. పని తొందరగా అవుతుందని రెండు పఫ్‌లు ఒకేసారి కొడితే మందు తుంపరలు ఒకదానికొకటి అంటుకుని స్పేసర్ గోడలకు పడతాయి. రెండు కొట్టినా ఒకటి కొట్టినంత ఫలితం కూడా రాకపోవచ్చు. పఫ్ ముందు కొట్టి, తర్వాత మాస్క్ పెట్టడానికి పిల్ల వెంట పరుగెత్తితే మందు అప్పటికే కిందికి దిగిపోతుంది.

ఏడుస్తుంటే మందు ఎక్కువ పీలుస్తారని ఒక నమ్మకం ఉంది. జరిగేది దానికి వ్యతిరేకం. ఏడుపంటే సుదీర్ఘంగా ఊపిరి వదలడం, మధ్యలో గబుక్కున ఒక్క ఊపిరి పీల్చడం. ఆ వేగానికి మందు గొంతులోనే పడి కడుపులోకి పోతుంది. అందుకే మొదటి రెండు మూడు రోజులు మందు లేకుండా ఉత్త స్పేసర్‌తో ఆడించండి. బొమ్మకు పెట్టండి, నాన్నకు పెట్టండి, పిల్ల చేతికే ఇచ్చి పట్టుకోనివ్వండి. పళ్లు తోమే ముందు కంట్రోలర్ అని ఒక వేళ పెట్టుకుంటే మరిచిపోవడం తగ్గుతుంది. నోట్లో మిగిలిన మందు తెల్లపూతకు కారణమవుతుంది, అది కూడా తోముకోవడంతోనే పోతుంది. పుక్కిలించడం రాని పసివాళ్లకు కాసిని నీళ్లు తాగించి, మాస్క్ తగిలిన ముఖాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు.

స్పేసర్‌ను పొడిగుడ్డతో గట్టిగా తుడవడం అందరూ శుభ్రం అనుకుని చేసే పని. ప్లాస్టిక్‌ను రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి, మందును గోడలకు లాగేస్తుంది. కొత్తది కొన్నప్పుడు, ఆ తర్వాత నెలకోసారైనా, గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి ముంచి, లోపల రుద్దకుండా తీసి, తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. నోటికి తగిలే భాగాన్ని, మాస్క్‌ను మాత్రం మంచినీళ్లతో కడగండి. రాత్రి ఆరబెడితే పొద్దున్నకు సిద్ధం. కవాటం బిగిసిపోయినా పగుళ్లు వచ్చినా కొత్తది కొనాల్సిందే.

డబ్బా ఖాళీ అయిందో లేదో నీళ్లలో వేసి తేలుతుందా అని చూడటం, ఊపి చూడటం నమ్మదగినవి కావు. మందు అయిపోయాక కూడా లోపలి వాయువు తుస్సుమంటూనే ఉంటుంది. లెక్క చూపే కౌంటర్ లేకపోతే, 200 పఫ్‌ల డబ్బా పొద్దున 2, రాత్రి 2 చొప్పున 50 రోజులకు అయిపోతుంది. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాసుకోండి. 'మూడు నెలల నుంచి అదే వాడుతున్నాం, ఈమధ్య పనిచేయట్లేదు' అనే ఇళ్లలో పిల్ల దాదాపు సగం కాలం ఉత్త గాలి పీల్చి ఉంటుంది.

నెబ్యులైజర్ మీద మోజు అనవసరం. తేలికపాటి, మధ్యస్థ ఆయాసంలో స్పేసర్‌తో ఇచ్చిన సాల్బుటమాల్ నెబ్యులైజర్‌కు ఏమాత్రం తీసిపోదు. కరెంటు అక్కర్లేదు, ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది, సంచిలో పడుతుంది. నెబ్యులైజర్ వాడాల్సి వస్తే మాస్క్ ముఖానికి ఆనించే పెట్టాలి. పిల్ల గింజుకుంటోందని నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుంటే మందులో చాలా భాగం గదిలో కలిసిపోతుంది. కప్పు, మాస్క్ వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టకపోతే ఇన్ఫెక్షన్‌ను మనమే పీల్పించినట్టవుతుంది.

ఇంట్లో మార్చాల్సిన వాటిలో అన్నిటికన్నా ముందు పొగ. బాల్కనీలో కాల్చి వచ్చినా సిగరెట్ పొగ బట్టలకూ జుట్టుకూ అంటుకుని లోపలికి వస్తుంది. దోమల చక్రం స్థానంలో దోమతెర కట్టండి. చంటిపిల్లకు తలంటాక సాంబ్రాణి వేయడం తరతరాల ముచ్చటే, కానీ వాచిన శ్వాసనాళానికి అది నేరుగా పొగ పెట్టడం. పిల్లికూతల చరిత్ర ఉన్న పిల్లకు మానేయాలి. ఎండుమిరపకాయలు వేయించే రోజు, బూజు దులిపే రోజు, భోగి మంట వేసే తెల్లవారుజాము, దీపావళి రాత్రి పిల్లను వేరే గదిలోనో వేరే ఇంట్లోనో ఉంచే ఏర్పాటు ముందే చేసుకోండి. పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డ. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. పాత బూరుగు దూది పరుపులో దుమ్ము పురుగులు చేరతాయి. డబ్బు పెట్టి ఎయిర్ ప్యూరిఫయర్ కొనే ముందు ఇవన్నీ అయ్యాయా అని చూసుకోండి.

అరటిపండు, పెరుగు, కమలా, ఇవన్నీ 'చలువ' అని నెలల తరబడి మాన్పించడం పిల్లల తిండికి గండి కొట్టడమే. ఒక పదార్థం పెట్టిన ప్రతిసారీ దద్దుర్లో దగ్గో రావడం కళ్లతో చూస్తే తప్ప దేన్నీ ఆపక్కర్లేదు. తేనె ఏడాది నిండిన పిల్లలకు గొంతు గరగరకు పనికొస్తుంది, ఏడాదిలోపు వారికి ఇవ్వకూడదు. మరిగే నీళ్ల గిన్నెతో ఆవిరి పట్టడం ఉబ్బసానికి ఉపయోగపడదు, కాల్చుకునే ప్రమాదం మాత్రం ఉంది. మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం మీద ఎందరికో నమ్మకం ఉంది. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. బతికున్న కొర్రమీను పిల్లను చిన్నపిల్ల గొంతులో వేయడం పొలమారే ప్రమాదంతో కూడుకున్నది. వేల మంది తోపులాటలో గంటల తరబడి నిలబెట్టడం ఇంకో భారం. అన్నిటినీ మించి, ప్రసాదం తీసుకున్నాం కదా అని కంట్రోలర్ ఆపేయడం వల్ల వానాకాలం మొదట్లోనే దగ్గు తిరగబెట్టవచ్చు.

దగ్గు తెర ఆయాసంగా మారిన రాత్రి ఏం చేయాలో డాక్టరు చేత ముందే కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. సాధారణంగా ఆ కాగితంలో ఉండేది ఇది: సాల్బుటమాల్ 2 పఫ్‌లు, ఒక్కొక్కటిగా, స్పేసర్‌తో. 20 నిమిషాలు చూడాలి. తగ్గకపోతే మళ్లీ 2, ఇంకో 20 నిమిషాలకు మళ్లీ 2. అప్పటికీ తేలిక పడకపోతే ఆసుపత్రికి బయల్దేరాలి, దారిలోనూ పఫ్‌లు ఇస్తూనే ఉండవచ్చు. తగ్గినట్టే తగ్గి మూడు గంటలు తిరక్కుండానే మళ్లీ అవసరమవుతున్నా, ఒక రోజుకు మించి రిలీవర్ మీదే నెట్టుకొస్తున్నా అదే రోజు డాక్టరును కలవాలి. ఏడాదిలోపు బిడ్డ విషయంలో అంతదాకా కూడా ఆగవద్దు.

ఈ 20 నిమిషాల లెక్క పెట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవీ ఉన్నాయి. డొక్కలు ఎగరేయడం, మెడ కింద గుంట పడటం, పెదాలు నీలంగా మారడం, మాట్లాడలేక పాలు తాగలేక పోవడం, మత్తుగా వాలిపోవడం. బాగా ఆయాసపడుతున్న పిల్లకు పిల్లికూతలు ఆగిపోతే సంతోషించకండి, కూత పుట్టేంత గాలి కూడా ఆడటం లేదని అర్థం. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్ల కదలకుండా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడితే 40, అంతకు మించి శ్వాసలు ఉంటే వేగం ఎక్కువైనట్టే. ఆసుపత్రిలో మూడు నుంచి ఐదు రోజులకు ప్రెడ్నిసొలోన్ రాస్తే పూర్తిగా వాడండి, మిగిలిన సీసాను తర్వాతి దగ్గుకు సొంతంగా తాగించవద్దు.

వైద్యం దారిలో ఉందో లేదో తెలుసుకోవడానికి గడిచిన నాలుగు వారాల గురించి నాలుగు ప్రశ్నలు చాలు. పగటిపూట దగ్గు, పిల్లికూతలు వారానికి ఒకసారి మించి వచ్చాయా? రిలీవర్ వారానికి ఒకసారి మించి అవసరమైందా? రాత్రి ఒక్కసారైనా దగ్గుతో లేచిందా? ఆటలో వెనకబడుతోందా? నాలుగింటికీ లేదు అని చెప్పగలిగితే అదుపులో ఉన్నట్టు. ఒకటి రెండు ఉన్నాయంటే పాక్షికం, మూడు నాలుగైతే అదుపులో లేనట్టు. అప్పుడు స్పేసర్ పట్టుకుని డాక్టరు ముందే వాడి చూపించండి, ఆ తర్వాతే డోసు మాట. ఆరు నెలలు నిండిన పిల్లలకు ఏటా ఫ్లూ టీకా వేయించడం కూడా ఈ సందర్శనలోనే గుర్తు చేయండి, ఎందుకంటే ఈ వయసులో దగ్గు తెరను లేపేది ఎక్కువగా వైరస్‌లే.

పెద్దయ్యాక పోతుందా అన్నది ప్రతి అమ్మా అడిగే ప్రశ్న. అమెరికాలోని టూసాన్‌లో 1980లో మొదలై పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చిన వారిలో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్లకల్లా ఆగిపోయాయి. అలర్జీ దద్దుర్లు ఉన్నవారికి, తల్లిదండ్రుల్లో ఉబ్బసం ఉన్నవారికి ఆ అవకాశం తక్కువ. కాబట్టి మూడు నెలలు పూర్తిగా అదుపులో ఉంటే డాక్టరు కంట్రోలర్ తగ్గించి చూస్తారు. ఆ తగ్గింపుకు మన దగ్గర మార్చి, ఏప్రిల్ నెలలు అనువైనవి. జలుబులు తక్కువ, చలి లేదు, త్వరలోనే బడి సెలవులు. జూన్‌లో బడులు తెరిచి వానలు పడగానే, లేదా కార్తీక మాసం చలి మొదలవగానే మందు తగ్గించే ప్రయోగం పెట్టుకోవద్దు. ఆపిన తర్వాత కూడా మూడు నుంచి ఆరు వారాల్లో ఒకసారి చూపించాలి, రిలీవర్, స్పేసర్ ఇంట్లో గడువు దాటకుండా ఉండాలి, ఊరెళ్లినా సంచిలో ఉండాలి.